శుక్రవారం లిస్టు

“సూట్‌కేసు కారుల ఎక్కింది. ఇగ నువ్వు ఎక్కుతవా, నన్ను ఎత్తుకపొమ్మంటవా?”

గణేశ్ గడపలో నిలబడి అడిగాడు. చెప్పులు విప్పలేదు. చెల్లెలి అత్తగారింట్లో అతను చెప్పులతో నిలబడటం ఇదే మొదటిసారి.

రమ కదల్లేదు. ఫోను రెండు చేతులతో పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.

“నేను రాను అన్నా.”

వీధిలో హారన్ మోగింది. డ్రైవర్ సారయ్యకు తొందరగా ఉంది. కోరుట్ల నుంచి సిరిసిల్లకు రావాలి, చీకటి పడకముందే మళ్లీ కోరుట్లలో ఉండాలి. అదీ ఒప్పందం.

రమ అత్త సత్యవ్వ ఒళ్లో బీడీల చేట అట్లాగే ఉంది. తునికాకు చుట్టే వేళ్లు మాత్రం ఆగిపోయాయి.

“కూసోని మాట్లాడు కొడుకా. చాయ్ తాగు. కోడల్ని తోల్కపోతా అంటె గిట్ల నిలవడి అడుగుతరా ఎవలన్న?”

“చాయ్ నిన్న జగిత్యాలల తాగిన అత్తా. మీ కొడుకును మస్కట్ తోలిన ఏజెంటే తాగిపిచ్చిండు. అప్పుడే అసలు ముచ్చట గూడ చెప్పిండు. సతీశ్ కంపెనీ ఇడిచి ఉరికి నలభై రోజులైందట. ఖల్లివెల్లి అయిండట.”

ఆ మాట ఈ వాడలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. పాస్‌పోర్టు కంపెనీలో వదిలి, చెప్పకుండా వెళ్లిపోయినవాడు. పోలీసులకు దొరికితే జైలు. దొరకనన్ని రోజులు ఎక్కడుంటాడో, ఏం తింటాడో ఎవరికీ తెలియదు.

సత్యవ్వ చేతిలోని దారపు ఉండ కిందికి దొర్లింది.

“అబద్ధం,” అంది రమ. “ఎప్పటి లెక్కనే శుక్రారం శుక్రారం లిస్టు అస్తాంది.”

“లిస్టు!” గణేశ్ నవ్వాడు. ఆ నవ్వులో నవ్వు లేదు. “భార్యకు మొగడు ఫోన్ చేస్తడు. గొంతు ఇనవడ్తది. నీకు నలభై రోజులల్ల ఎన్నిమాట్ల ఇనవడ్డది?”

రమ ఫోనును ఇంకా గట్టిగా పట్టుకుంది.

“చెప్పు.”

“క్యాంపుల నెట్టు మంచిగ లేదట.”

“బొమ్మల కథలు పంపెతందుకు ఉన్న నెట్టు, ‘మంచిగున్నవా’ అని అడిగెతందుకు లేదా?”

అరుగు చివర బీడీలు చుడుతున్న లసుమవ్వ తల ఎత్తింది. పక్కింటి ఆమె. అరవై ఏళ్లు. ఈ ఇంటి గొడవల్లోకి ఆమెను ఎవరూ పిలవరు, ఎవరూ పొమ్మనరు.

“ఓ పిలగా, గా బొమ్మల కథలను ఏమనకు. అవి లేకపోతె మా చేతులు ఆడయి.”

ఆ మాట నిజమే. సతీశ్ మస్కట్ వెళ్లి ఏడాదిన్నర. శుక్రవారం సెలవు రోజు క్యాంపులో పై మంచం మీద పడుకుని ఫోనులో వెబ్‌కామిక్స్ చదివేవాడు. వాటిలోంచి రమ వారం వారం పట్టుకోవాల్సినవి మూడు ఏరి సాయంత్రంలోపు పంపేవాడు. మూడే. నాలుగోది ఎప్పుడూ లేదు. ఏది ఏ రోజు వస్తుందో, ఎందుకు చదవాలో రాసేవాడు. రమ వాటిని అరుగు మీద బీడీలు చుట్టే ఆడవాళ్లకు చదివి వినిపించేది, బొమ్మ వచ్చిన చోట ఫోను తిప్పి చూపించేది.

గణేశ్ వంగి చెల్లెలి చేతిలోని ఫోను లాక్కున్నాడు.

“ఏం లిస్టో నేను గూడ చూస్త. అందరు ఇనుర్రి.”

“అన్నా, ఇటియ్యి.”

అతను ఇవ్వలేదు. వేలితో పైకి జరిపాడు. మరీ పైకి వెళ్లాడు. దసరా ముందరి లిస్టు దొరికింది. ఎగతాళిగా గొంతు మార్చి చదివాడు.

“‘ఒకటి. పిల్లి పెద్దనాయిన టిఫిన్ సెంటర్. శుక్రారం శుక్రారం మీ దిక్కు నాలుగింటికి అస్తది. మొదటి రెండు భాగాలు ఇడిచిపెట్టు, మూడో దానికెల్లి చదువు. గీసెటోనికి అప్పటిదాక చెయ్యి కుదురలే. రెండు. లిఫ్టు మనిషి. సోమారం. ఒక్కదానివి చదువకు. లసుమవ్వను పక్కన కూసోబెట్టుకో. ఆమె అరిస్తె నీ భయం పోతది.’”

“నేను అరిచిన్నా?” లసుమవ్వ చేట పక్కకు నెట్టింది. “నేనెప్పుడు అరిచిన? రానియ్యి వాన్ని, చెప్త వాని సంగతి.”

అన్న తర్వాత ఆమెకే ఆ మాట గుచ్చుకుంది. రానియ్యి. ఎక్కణ్నుంచి?

గణేశ్ గొంతులో ఎగతాళి కాస్త తగ్గింది. కిందికి జరిపాడు. పోయిన శుక్రవారానిది.

“‘చెరువు కింది బడి. మంచిగుంటది. చదువు. కొలిమి పిల్ల. అది గూడ మంచిగుంటది. టైముకు తిను.’ గింతే. మూడోది లేనే లేదు.”

“ఏందీ?” అంది లసుమవ్వ. “మల్లొకసారి చదువు.”

చదివాడు.

“చెరువు కింది బడి అయిపాయె గదనే రమా! బతుకమ్మకు ముందే అయిపోయింది. ఆఖరి బొమ్మల పంతులమ్మ గంట కొట్టి నీళ్లలకు నడిచిపోతది. ఎంతమందిమి ఏడ్చినం! తడిసినయని నా బీడీలు సెంటర్ల వాపస్ గొట్టిండ్రు గూడ.”

లసుమవ్వ వేలితో ఫోను వైపు చూపించింది.

“అయిపోయినదాన్ని సతీశ్ ఎందుకు చదువుమంటడే? వాడు నడిచేటియే చెప్తడు గద.”

అది సతీశ్ నియమం. ఎంత గొప్ప కథైనా, ముగిసిపోయినదాన్ని అతను పంపేవాడు కాదు. ‘వచ్చే వారం ఏమైతదో అని చూడాలె రమా. గట్లయితెనే వారం గడుస్తది’ అనేవాడు.

గణేశ్ చెల్లెలి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఇప్పుడు అతని గొంతు మారిపోయింది.

“రమా. ఇది ఎవలు రాసిండ్రు?”

రమ చూపు నేల మీదే ఉంది.

“నీకు ఎరికేనా?”

“మొదటి శుక్రారమే ఎరికైంది.”

“ఎట్ల?”

“ఆయన ఎన్నడు తినుమనడు.” రమ తల ఎత్తింది. “టైముకు తిను అని ఈ ఇంట్ల అనేది ఒక్కలే.”

సత్యవ్వ కోడలి వైపు చూసింది. తర్వాత ఇంటి వెనక కార్ఖానా వైపు చూసింది. అక్కడ నాలుగు మరమగ్గాల సాంచలు టకటకా ఆడుతున్నాయి. వాటి మధ్య తెల్లబట్ట నేస్తూ ఆమె భర్త గంగారాం ఉన్నాడు.

గణేశ్‌కు కోరుట్లలో మొబైల్ షాపుంది. ఫోను సంగతులు అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

“అత్తా, మెసేజులు సతీశ్ ఇక్కడి నంబరు మీదికెల్లి అస్తున్నయి. ఆ సిమ్ము ఎవలకాడుంది?”

“ఏమో కొడుకా. బ్యాంకోళ్ల మెసేజులు అస్తయని ఇంట్లనే ఇడిచిపోయిండు. బటన్ ఫోన్ల ఉండె.”

“ఆ ఫోనేది?”

సత్యవ్వ చేట పక్కన పెట్టింది. లేచి కార్ఖానా తలుపు దగ్గరికి వెళ్లింది. పెళ్లయి ముప్పై ఏళ్లయినా నడుస్తున్న సాంచను ఆపమని ఆమె ఎప్పుడూ అడగలేదు. ఇవాళ అడగనూ లేదు. గోడకున్న మెయిన్ స్విచ్ తానే దించేసింది.

వాడంతటా సాంచల చప్పుడు ఉంది. ఈ ఇంట్లో మాత్రం ఆగిపోయింది.

గంగారాం బయటికి వచ్చాడు. బనీను మీద నూలు పీచు. గణేశ్‌ను చూశాడు. రమ ఫోను గణేశ్ చేతిలో ఉండటం చూశాడు. ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు.

మళ్లీ లోపలికి వెళ్లి నూలు కండెల డబ్బాతో వచ్చాడు. కండెల కింది నుంచి రెండు ఫోన్లు తీసి అరుగు మీద పెట్టాడు. ఒకటి అద్దం పగిలిన పాత టచ్ ఫోను. ఇంకొకటి బటన్ ఫోను.

“నేనే రాసిన.”

“నా కొడుకు ఏడి?” అంది సత్యవ్వ.

“క్యాంపులకెల్లి వానితోటి ఉండే ఆగయ్య ఫోన్ చేసిండు. పైకప్పు మీద పని. ఎండకు పక్కోడు పడిపోయిండట. వాన్ని దవఖానకు ఏసుకపోయి, తెల్లారి మల్ల అందరిని ఎక్కుమన్నరట. మనోడు ఎక్క అన్నడు. ఆ రాత్రే ఎల్లిపోయిండట. ఫోను, బ్యాగు అన్ని క్యాంపుల్నే. ‘పెద్దనాయినా, ఎవలకు చెప్పకు, వాడే మాట్లాడ్తడు’ అన్నడు ఆగయ్య. అంతే. మల్ల ఎవలు చెయ్యలే.”

“నలభై రోజులు నా ఎదురుంగ కూసోని అన్నం తిన్నవు.”

“నీకు చెప్తె నువ్వు బతుకుదువా?”

“ఇప్పుడు సచ్చిన్నా?”

గంగారాం తల దించుకున్నాడు.

రమ ఎప్పుడు లేచి వచ్చిందో, అతని పక్కన నిలబడి ఉంది. అతను ఆమె వైపు చూడలేకపోయాడు.

“ఆ శుక్రారం లిస్టు రాలే బిడ్డా. నువ్వు పొద్దుందాక ఫోన్ పట్టుకోని కూసున్నవు. బువ్వ ముట్టలే. తెల్లారి గూడ ముట్టలే. నాకేం తోచలే. ఈ సిమ్ముకు వచ్చిన నంబరు కొట్టి గీ పాత ఫోన్ల వాట్సాప్ పెట్టిన. వాడు పోయెటప్పుడు చేస్తుంటె చూసిన. నువ్వు కథల పేర్లు రాసుకునే నోటుబుక్కు చూసి రాసిన.”

“చెరువు కింది బడి ఎందుకు రాసినవు మామా?” అడిగింది రమ, మెల్లగా.

“ఆ రోజు కరెంటు పోయింది. సాంచలు బందైనయి. నువ్వు చదువుతుంటె గోడవతల కూసోని ఇన్న. అందరు బీడీలు ఇడిచిపెట్టి ఏడుస్తుండ్రి. ఇంతకు మించింది ఉండదనుకున్న.” పాత ఫోనును వేలితో పక్కకు జరిపాడు. “అది ఆఖరుదని నాకేమెరుక?”

లసుమవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“నువ్వు జవాబు రాసెటిదానివి,” అన్నాడు గంగారాం. గొంతు బాగా తగ్గిపోయింది. “నేను చదువలే బిడ్డా. దేవుని తోడు. నాది రాసుడు కాంగనే అద్దాలు తీసి పక్కకు పెడుదు.”

రమకు కళ్లు నిండాయి. నాలుగు శుక్రవారాలు ఆమె జవాబులు రాసింది. మొదటి దాంట్లో సగం వరకూ భర్తకని రాసింది. తర్వాతవన్నీ ఒకటే మాట. ‘తిన్న.’

“మామా, నేను నీకే రాసిన. తిన్న అని.”

గంగారాం భుజం మీది తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు.

సారయ్య మళ్లీ హారన్ కొట్టాడు. ఈసారి ఎవరూ అటు చూడలేదు.

గణేశ్ బటన్ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. “ఇది బంద్ ఎందుకున్నది?”

“ఏజెంటు మనుషులు రోజు చేసుడే. ‘కొడుకును ఎక్కడ దాసినవు, కేసు పెడ్తం’ అని. బంద్ చేసి కండెలల్ల పెట్టిన. నెల దాటింది.”

“నెల దాటిందా?”

గణేశ్ మీట నొక్కి పట్టుకున్నాడు. చిన్న తెర వెలిగింది. బ్యాటరీ ఒక్క గీత. సిగ్నల్ దొరకగానే ఫోను కూసింది. ఒకటి. రెండు. మూడు.

మూడు మెసేజులు. మొన్నటిది, నిన్నటిది, ఇవాళ పొద్దుటిది. మూడింటిలోనూ ఆరంకెల నంబరు. మూడూ వేర్వేరు.

“బ్యాంకుదా?” అంది సత్యవ్వ.

గణేశ్ తల అడ్డంగా ఊపాడు. ఫోను రమ ముందు పెట్టాడు.

“బ్యాంకుది కాదు. వాట్సాప్‌ది. ఎవలన్న కొత్త ఫోన్ల సతీశ్ నంబరు ఎక్కిస్తెనే ఇది అస్తది. మామా, నువ్వు ఇప్పుడు చేసినవా?”

“నేను ఒక్కసారే చేసిన. నెల కింద.”

“మరి మొన్న ఎవలు చేసిండ్రు? ఇయ్యాల పొద్దుగాల ఎవలు చేసిండ్రు?”

రమ బటన్ ఫోను మీదికి వంగింది.

“వాడే,” అన్నాడు గణేశ్. “ఎవని ఫోనో అడుక్కోని చేస్తున్నడు. అంతకుముందటియి బంద్ ఫోనుకు రాక పోయి ఉంటయి. రోజు చూస్త నా షాపుల. ఫోన్ పోతె ఎవలకు ఎవల నంబరు యాదికుండది. సొంతది ఒక్కటే ఉంటది. దసరాకు రమ నంబరు నేనే మార్చిచ్చిన, కొత్తది వానికి నోటికి రాదు. వాని నంబరుకు వాడే ఫోన్ చేసి ఉంటడు. మనం బంద్ పెట్టినం. ఈ ఆరంకెలు వానికి చేరితె వాట్సాప్ లోపటికి వస్తడు. అవి వచ్చేది ఇక్కడికి.”

గంగారాం అరుగు మీద కూలబడ్డాడు. “నా కొడుకు నెల రోజులు తలుపు కొడుతుంటె నేను గడియ పెట్టిన్నా?”

జవాబుగా ఫోను ఒకసారి సన్నగా కూసింది. తెర ఆరిపోయింది.

“చార్జరేది?”

“సన్న పిన్నుది. ఎప్పుడో పోయింది,” అంది సత్యవ్వ.

“నా దగ్గర లేదు. వాడల ఎవలకన్న ఉందా?”

“చూస్త ఆగు!” లసుమవ్వ చేట దాటి ఉరికింది. ఆమె అంత వేగంగా నడవడం ఎవరూ చూడలేదు. వీధిలో సారయ్య గొంతు వినిపించింది: “అవ్వా, ఎక్కుతున్నరా లేదా?” లసుమవ్వ గొంతు బదులిచ్చింది: “నువ్వు దిగు. నీ బండ్ల సన్న పిన్ను ఉన్నదా చూడు.”

రమ మాత్రం గోడ గడియారం చూస్తోంది. నాలుగూ యాభై.

“అన్నా, ఇయ్యాల శుక్రారం.”

“అయితే?”

“నాలుగింటికి పిల్లి పెద్దనాయిన అచ్చి ఉంటది.”

గణేశ్‌కు అర్థం కాలేదు. రమ అతని చేతిలోంచి తన ఫోను తీసుకుంది. సతీశ్ ఏది వదిలినా అది వదలడు. జ్వరంతో పడుకున్న వారం కూడా వదల్లేదు. చదివి ఊరుకునేవాడు కాదు. కింద అందరూ రాసే చోట, కొత్తగా వచ్చినవాళ్లకు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో రాసేవాడు. ‘నీకు సెలవు రోజు గూడ డ్యూటీయేనా’ అని ఆమె నవ్వేది.

కొత్త భాగం తెరిచింది. పిల్లి పెద్దనాయిన పెనం ముందు నిలబడి దోసె తిప్పుతున్నాడు. ఆమె బొమ్మలు చూడలేదు. కిందికి, ఇంకా కిందికి జరిపింది.

పేరు లేదు. ‘అతిథి’ అని మాత్రం ఉంది. ఇరవై నిమిషాల కిందటిది.

‘కొత్తగ చదివెటోళ్లు మొదటి రెండు ఇడిచిపెట్టుర్రి. మూడో దానికెల్లి చదువుర్రి.’

రమ ఫోను అందరి మధ్యా పెట్టింది. సత్యవ్వకు చదువు రాదు. అయినా ఆ అక్షరాల మీద వేలు పెట్టింది.

“నీ నంబరు రాయి, తొందరగ!” అన్నాడు గణేశ్.

“ఇది అందరు చూస్తరన్నా. ఏజెంటు మనుషులు గూడ చూడచ్చు. ముందుగాల ఆయనేనా కాదా తెల్వాలె.”

ఆమె దాని కింద ఒక్క ప్రశ్న రాసింది.

‘మూడో దానికెల్లే ఎందుకు?’

నిమిషం. రెండు నిమిషాలు. పక్కింటి సాంచల చప్పుడు గోడలోంచి వస్తోంది. గంగారాం కళ్లద్దాలు తీయబోయి, ఈసారి తీయలేదు.

జవాబు వచ్చింది.

‘గీసెటోనికి అప్పటిదాక చెయ్యి కుదురలే.’

సత్యవ్వ ఏడుపు అప్పుడు బయటికి వచ్చింది. నలభై రోజులది ఒక్కసారే. గణేశ్ గడప దగ్గరికి వెళ్లాడు. చెప్పులు విప్పి గోడవతల పెట్టి వచ్చాడు. ఎవరూ చెప్పలేదు.

రమ ఫోను దగ్గరికి లాక్కుంది. ఏం రాయాలి? ఎక్కడున్నావని అడగకూడదు. పేరు రాయకూడదు. ఆమె మామ వైపు చూసింది. తర్వాత రాసింది.

‘టైముకు తింటున్నవా?’

ఈసారి జవాబు వెంటనే వచ్చింది.

‘తింటున్న. ఈ శుక్రారం లిస్టు లేటైంది.’

రమ ఫోనును గుండెకు ఆనించుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. గణేశ్ వాకిట్లోకి కేకేశాడు: “సారయ్యా, సూట్‌కేసు దించు!”

అప్పుడే మూడో జవాబు పడింది. గంగారామే ముందు చూశాడు. పెదవులతో కూడబలుక్కుని పైకి చదివాడు.

‘జగిత్యాల ఏజెంటోనికి మాత్రం నా జాడ చెప్పకుర్రి. నన్ను పట్టిస్తా అని కంపెనీకి మాటిచ్చిందే వాడు.’

గణేశ్ నవ్వు ఆగిపోయింది.

“ఏమైంది అన్నా?”

అతని చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్లింది. నిన్న జగిత్యాలలో చాయ్ గ్లాసు ముందు కూర్చుని తను అన్న మాట అతనికి గుర్తొచ్చింది. రేపు సిరిసిల్ల పోతున్నా, ఏమాత్రం జాడ తెలిసినా నీకే ముందు చెప్తా అన్నాడు. ఏజెంటు ఎంతో మంచిగా భుజం తట్టాడు. రేపు ఐదింటికి నేనే ఫోన్ చేస్తానన్నాడు.

గోడ గడియారం ఐదు కొట్టింది.

గణేశ్ చొక్కా జేబులో ఫోను మోగడం మొదలైంది.